ఏసురత్నం చూడనివ్వని గోడ

పాత కట్టడాలను కాపాడే సంఘంలో పనిచేసే మిత్రుడు పోరు పెట్టబట్టి, ఎనభైల్లో ఒక ఫాల్గుణంలో ఈ ప్రయాణం పెట్టుకున్నాను. ప్రత్తిపాడు అవతల ఒక పల్లెలో తెల్లదొరల కాలం నాటి చర్చి ఉంది. కప్పు కారుతోంది. గోడలకు అప్పటి గానుగలో నూరిన సున్నపు పూత ఒక్కచోటైనా చెక్కుచెదరకుండా ఉంటే, దాన్ని నమూనాగా పెట్టుకుని సంఘం కప్పుతో సహా అంతా బాగుచేయిస్తుంది. లేదంటే ఊరివాళ్ళు చర్చిని పడగొట్టి స్లాబు వేసుకుంటారు. పూత ఉందో లేదో చూసి ఫొటోలు తీయడం నా పని. నేను హైస్కూలు మాస్టారిని. కెమెరా ఉంది, రెండో శనివారం సెలవుంది. అంతకు మించి అర్హతలేవీ లేవు.

ఉదయం ఏడింటికి గుంటూరులో బస్సెక్కితే ఎనిమిది దాటాక ప్రత్తిపాడు. టికెట్టు రెండు రూపాయల చిల్లర. అక్కడి నుంచి బస్సు లేదు. మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, దించేసి తిరిగి వెళ్తున్న ట్రాక్టరు ఎక్కాను. వెనక తగిలించిన ఖాళీ ట్రక్కులో మిగిలిన ఘాటుకే తుమ్ములు మొదలయ్యాయి.

“ఏ ఊరండీ మీది?” అన్నాడు డ్రైవరు.

“గుంటూరే.”

“గుంటూరోళ్ళయ్యుండి తుమ్ముతారేంటండీ!”

దిగేదాకా నన్ను అనుమానంగానే చూశాడు.

చర్చి ముందు నిలబడగానే, వచ్చిన పని వృథా అనిపించింది. ముందు గోడ, పక్క గోడలు ఆకాశనీలం పెయింటుతో కొత్త పెళ్ళికూతురి ట్రంకుపెట్టెలా మెరిసిపోతున్నాయి. చర్చి పెద్ద ఏసురత్నం చేతులు నలుపుకుంటూ ఎదురొచ్చాడు.

“ఎట్టుందండీ? తమరొస్తున్నారని వారం నుంచీ ఇదే పని. ముసలి సున్నమంతా గీకిపారేశాం.”

“నాకు కావలసింది ఆ ముసలి సున్నమేనండీ!”

“పాత గోడలు చూడటానికి గుంటూరు నుంచి రావాలా సార్? మా ఊళ్ళో ఎవరింటికెళ్ళినా అయ్యేగా!”

వెనక వైపైనా చూద్దామని అడుగు వేశానో లేదో, ఏసురత్నం కుర్చీ తెచ్చి అడ్డంగా వేశాడు. లేచి అటు తిరిగితే మజ్జిగ తెప్పించాడు. అది తాగి మళ్ళీ కదిలితే “ఎండండీ, అటేం లేదు” అంటూ గొడుగు తెరిచాడు. తర్వాత గోంగూర, నెయ్యి, నాటుకోడి. ముద్ద ముద్దకీ నా అనుమానం పెరిగింది. వెనకాల సిమెంటు పూసి దాస్తున్నారని రూఢి చేసుకుని, చెయ్యి కడుక్కునే నెపంతో గబగబా అటు నడిచాను.

వెనకంతా కల్లం. మిరపకాయలు గోడ మొదలుదాకా ఎర్రగా పరిచి ఉన్నాయి. ముక్కుకు కొంగు చుట్టుకుని ఒక పెద్దామె వాటిని తిరగేస్తోంది. ఆమె వెనక గోడకు రంగు లేదు. మీగడ రంగులో నున్నగా ఉంది, అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది. గానుగ సున్నం! సంతోషంతో అరవబోయి తుమ్మాను.

ఏసురత్నం పరుగెత్తుకొచ్చి తల పట్టుకున్నాడు. “చూసేశారా! ఈ మరియమ్మక్క ఊరి పరువు తీసింది సార్. నిచ్చెన వెయ్యనిస్తేగా!”

“నా కాయల మీద నిచ్చెనేసి రంగు చల్లితే ఎవుడు కొంటాడ్రా? దేవుడికి మూడు గోడలు చాలవంటా?” అని మరియమ్మ నా వైపు తిరిగింది. “వారం నుంచీ నాతో ఒక్కళ్ళూ మాట్లాడట్లేదు బాబూ.”

ఆ మాటకు నా మనసు చివుక్కుమంది. “ఏసురత్నంగారూ, మీ కప్పు బాగుపడేది ఈ ఒక్క గోడ వల్లే” అని సంగతంతా చెప్పాను. ఆయన నోరు తెరిచి గోడనూ, మరియమ్మనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత పరుగున వెళ్ళి పాస్టరు అయ్యగారిని పిలుచుకొచ్చాడు. అయ్యగారు కల్లంలోనే నిలబడి, ఈ గోడను కాపాడిన ప్రభువుకు స్తోత్రం చెప్పడం మొదలుపెట్టారు.

మరియమ్మ కళ్ళు తెరవకుండానే అంది: “నా మిరపకాయలకి కూడా ఒక ముక్క చెప్పండయ్యగారూ.”

అయ్యగారు చెప్పారు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది ఏసురత్నమే.

వానలకు ముందే కప్పు బాగయింది. ఊరివాళ్ళే నీలం గీకేసి, వెనక గోడను చూసుకుంటూ మిగతావాటికి కొత్త సున్నం పూశారు. అజమాయిషీ మరియమ్మది. ఏసురత్నం మీద నాకు ఏనాడూ కోపం రాలేదు. వచ్చినవాడి కంటికి మనది బాగా కనపడాలనుకోవడం ప్రేమే. ఆ ప్రేమకు ఎన్ని పాత గోడలు బలయ్యాయో తలుచుకుంటేనే దిగులు. ఇలాంటి చోట్లకు వెళ్ళేవారికి ఒక్కటే సలహా: మర్యాదలు మొదలవక ముందే వెనక వైపు చూసి రండి.