నేను గీకేసిన శాంపిల్ క్యాసెట్

మా చిన్నప్పుడు... కదిరి బస్టాండు ఎదురుగా నాయన క్యాసెట్ల కొట్లో కొత్త పాట మోగిందంటే, ఎక్కాల్సిన బస్సు కదిలిపోతున్నా జనం కదిలేవాళ్లు కాదు.

కొత్త సినిమా పాటలు అమ్మకానికి రాకముందే కంపెనీ మనిషి ఒక శాంపిల్ క్యాసెట్ ఊరికే ఇచ్చిపోయేవాడు. అట్ట మీద నీలం సిరాతో "అమ్మకానికి కాదు" అని ముద్ర. కొట్లో వినిపించడానికే అది. ఊళ్లో అందరికంటే ముందు పాట మా స్పీకరు డబ్బాలోనే మోగాలి... అదీ నాయన గర్వం. మీసం దువ్వుకుంటూ సౌండు ఇంకొంచెం పెంచేవాడు.

ఒక ఏడాది వానల్లేక శెనక్కాయ పంట ఎండిపోయింది. కొట్లోకి వచ్చేవాళ్లే తక్కువ. అలాంటప్పుడు పక్కన టీ అంగడి ఖాదర్ చాచా కొత్త పాట కోసం పట్టుబట్టాడు.

"ఆ క్యాసెట్టు నాకిచ్చెయ్ అప్పా, దుడ్లు ఇప్పుడే ఇస్తా."

"అది అమ్మేది కాదు భాయ్, ముద్ర ఉండాది చూడు. వారం ఆగు" అన్నాడు నాయన.

నాది పదేళ్ల బుర్ర... ముద్ర ఉంటేనే కదా అమ్మకూడదు, అది లేకుండా చేస్తే సరి అనుకున్నా. నాయన భోజనానికి పోయినప్పుడు సగం బ్లేడుతో సిరానంతా గీకేశా. వేలు తెగింది. అట్ట తెల్లగా పొట్టు లేచింది. దాన్ని అమ్మే వరుసలో ముందు నిలబెట్టి, నాయన మెచ్చుకుంటాడని ఎదురుచూశా.

నాయన వచ్చాడు. ఆయన వెనకాలే కంపెనీ మనిషీ వచ్చాడు. చూడగానే అది చేతిలోకి తీసుకున్నాడు.

"ఏమప్పా, నమ్మి ఇస్తే ముద్ర గీకి అమ్ముకుంటాండావా?"

నాయన అట్ట వైపు చూశాడు. తర్వాత నా వేలి వైపు... చెయ్యి వెనక్కి దాచుకున్నా.

"నేనే గీకినా అన్నా. బుద్ధి గడ్డి తినింది" అన్నాడు.

నేను నోరు విప్పలేదు. ఎంత సిగ్గుమాలిన మౌనమో అది...

కంపెనీ మనిషి క్యాసెట్‌ను బల్ల మీద పడేసి పోయాడు. ఆ రోజు నుంచి మాకు శాంపిళ్లు ఆగిపోయాయి. కొత్త పాటలు బస్టాండు అవతలి కొట్లో ముందు మోగేవి. అవి వినపడితే నాయన మా డబ్బా కట్టేసి ఊరికే కూర్చునేవాడు. రెండేళ్లకు కొట్టు మూసేశాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం నా వేలికి పసుపు అద్దాడు, అంతే.

అలాంటి క్యాసెట్ అమ్మడం నిజంగా తప్పేనా అని మొన్న తెలిసిన వకీలును అడిగా. "ఊరికే ఇచ్చినంక అది ఎవరి సొత్తు, ముద్ర ఉంటే అమ్మకూడదా అని శానా వాదనలుండాయమ్మా. ముద్రతోనే అమ్మింటే మీ నాయన తరఫున ఏదో ఒకటి వాదించొచ్చు. గీకినాక దొంగ సరుకు మాదిరే కనపడ్తాది" అన్నాడు.

అసలు నాయన దాన్ని అమ్మనే లేదు.

ఇప్పుడు ఏ పాటైనా అందరి ఫోన్లలోకి ఒకేసారి వచ్చి పడుతోంది. ముందుగా వినిపించాలని మీసం దువ్వేవాళ్లు లేరు. ఆ క్యాసెట్ ఇంకా నా బీరువాలోనే ఉంది, నాయనే లేడు. "నేనే గీకినా నాయనా" అని ఇవాళ ఇక్కడ రాస్తున్నా...

మీ తప్పును మీ ఇంట్లో ఎవరైనా నెత్తినేసుకున్నారా? వాళ్లింకా ఉంటే కామెంట్ తర్వాత పెట్టండి... ముందు వాళ్లకు చెప్పండి.