దసరా తర్వాత తిరగని బొమ్మ

నాకు ముక్కు మీద కోపం. చిక్కడపల్లిలో మా గల్లీకి వచ్చే కూరగాయలామె నేను గేటు తీస్తుండగానే తక్కెడ సరిచేసుకుంటుంది. ఈ విషయం చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. కోప్పడితే తప్ప ఈ ఊళ్లో పని జరగదని నా నమ్మకం. ఇప్పుడు రాయబోయేది ఆ నమ్మకం గురించే.

నారాయణగూడలో ఒక కాలేజీ, అందులో వృక్షశాస్త్ర విభాగం, ఆ విభాగంలో మైక్రోస్కోపు గది. ఆ గదికి ఇరవై ఏళ్లకు పైగా నేనే బాధ్యురాలిని. మైక్రోస్కోపు ఒక వేరు ముక్కను పొరలు పొరలుగా ఫోటోలు తీస్తుంది. పక్కనున్న పెద్ద కంప్యూటరు ఆ పొరలన్నీ పేర్చి ఒక నిండు బొమ్మ చేసి చూపిస్తుంది. మౌసుతో ఆ బొమ్మను ఎటు కావాలంటే అటు తిప్పి లోపలి కొలతలు తీసుకోవచ్చు. అలా తిప్పడానికే ఆ పెట్టెలో ప్రత్యేకంగా ఒక గ్రాఫిక్స్ కార్డు వేయించాం. అన్ని విభాగాలకూ ఆ కంప్యూటరు మీద కన్నే.

మా కాలేజీలో దసరా ముందు రోజు ప్రతి గదిలోనూ ఆయుధ పూజ చేస్తాం. తక్కెళ్లు, మైక్రోస్కోపులు, కంప్యూటర్లు, చివరికి ఫ్రిజ్ కూడా బొట్టు పెట్టించుకుంటుంది. నా గదిలో ఆ పని నేనే చేస్తాను, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వను. తీగలన్నీ పీకి, పెట్టెలు బయటికి లాగి, సుల్తాన్ బజార్‌లో కొన్న కొత్త గుడ్డతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి మళ్లీ సర్దుతాను. ఆ దండ వచ్చే దసరా దాకా అలాగే ఉండాలి. ఎండి రాలిపోతున్నా సరే, ముట్టుకుంటే ఊరుకోనని అందరికీ చెప్పి ఉంచాను.

ఆ ఏడు దసరా సెలవులయ్యాక బొమ్మ తిరగడం మానేసింది. మౌసు కదిపితే తెర మీద చక్రం తిరుగుతూ ఉండేది. నేను కిందికి దిగి టీ తాగి వచ్చేసరికి బొమ్మ అరంగుళం జరిగి ఉండేది. గంటలో తెమిలే కొలత పూటంతా తినేసేది.

దీనివల్ల నాకు చిరాకు మాత్రమే. ప్రాణం మీదికి వచ్చింది ఒక్క అమ్మాయికి. ఆమె మా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. కంది వేర్లలోకి బూజు ఎంత లోతు దాకా దూరుతుందో కొలవడం ఆమె పని. తొంభై ఆరు బొమ్మలు కొలవాలి. థీసిస్ గడువు అప్పటికే రెండుసార్లు పెంచారు. దసరా నుంచి ఏడు వారాల్లో ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, అయిదేళ్ల కష్టం వృథా. అశోక్ నగర్‌లో ఒక హాస్టల్లో ఉండేది. గదిలో మిగతా ముగ్గురూ గ్రూప్స్‌కి చదివేవాళ్లు. ఎందుకైనా మంచిదని ఈమె కూడా పొద్దున వాళ్లతో కోచింగ్‌కి వెళ్లి, పదకొండింటికి మా గదికి వచ్చేది. మాట నెమ్మది. ఆ నెమ్మది చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

మొదట సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద పడ్డాను. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తుతాడు. ప్రతివాడూ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశారా అనే అడుగుతాడు. ఒకడు మాత్రం, మానిటర్ తీగ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారో లేదో పెట్టె వెనక చూడమన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. తీగ సరిగ్గా లేకపోతే తెర మీద బొమ్మ ఎలా వస్తుంది, మేమేం పిచ్చివాళ్లమా అని అరిచాను. వంగి చూసినట్టే చెప్పాను. వంగలేదు.

తర్వాత మా హెడ్డుగారి మీద పడ్డాను. నా దండ కదలకుండా పక్క మూత తీయించి ర్యామ్ రెట్టింపు చేయించారు. మార్పు లేదు. యాంటీవైరస్ తీసేశాం. మార్పు లేదు. ఫైళ్లన్నీ ఆ పెట్టెలోనే ఇంకో డిస్కులోకి మార్చాం. అప్పుడూ అంతే. సర్దుకుపోవాలని ఆయన అన్నారు. సర్దుకుపోవడం నా జాతకంలో లేదు.

మూడో వారంలో ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"దసరా తర్వాత నుంచే ఇట్లయితుంది మేడం. ఆ రోజు వెనుక..."

"అంటే సెలవుల్ల నువ్వేదో ఎక్కించినవన్నట్టు" అన్నాను.

అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను. గదిలో ఇంకా నలుగురు విద్యార్థులున్నారు. అశోక్ నగర్ జిరాక్స్ షాపులన్నీ తిరిగిన పెన్ డ్రైవులు తెచ్చి నా కంప్యూటరుకి పెడుతున్నావనీ, కోచింగ్ వీడియోలు నింపి దాని గొంతు పిసుకుతున్నావనీ వాళ్లందరి ముందే కడిగేశాను. ఆమె పెన్ డ్రైవు తీసి నా టేబుల్ మీద పెట్టి వెళ్లి కూర్చుంది. తర్వాత ఎవరూ చూడకుండా నేను దాన్ని తెరిచాను. కంది వేర్లు తప్ప ఒక్క వీడియో లేదు. అది చూశాక కోపం తగ్గాలి కదా, నాకు పెరిగింది.

అయిదో వారంలో, ఇక ఫార్మాట్ కొట్టాల్సిందే అని తేల్చాను. మన దగ్గర కంప్యూటరుకి ఏ రోగం వచ్చినా చివరి మందు అదే. చిక్కడపల్లిలో ఒక షాపు నుంచి మెకానిక్‌ను పిలిచి, గంటలో ఎవరి ఫైళ్లు వాళ్లు తీసుకోవాలని గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఆ గంటలో ఆమె కోచింగ్ క్లాసులో పరీక్ష రాస్తోంది. మెసేజ్ చూసి పరుగెత్తుకొచ్చేసరికి డిస్కులన్నీ ఖాళీ అయిపోయాయి. ఫోటోలు ఆమె పెన్ డ్రైవులో భద్రంగా ఉన్నాయి. వాటి మీద గీసిన గీతలు, తీసిన కొలతలు మాత్రం కంప్యూటర్లోనే ఉండేవి. నలభై నాలుగు బొమ్మల కొలతలు. టీ తాగొచ్చేసరికి అరంగుళం జరిగే ఆ కంప్యూటరు మీద అయిదు వారాలు కూర్చుని గీసినవి.

ముందే దాచుకోవద్దా అని ఆమె మీదే లేచాను. ఆమె బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ పై రోజూ రాలేదు. బొమ్మ మటుకు ఫార్మాట్ తర్వాత కూడా తిరగలేదు.

ఆరో వారం చివర, కంపెనీ మీద కేసు వేస్తానని ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. అందులో కంప్యూటరు వివరాలు రాయాలని వాటి పేజీ తెరిచాను. గ్రాఫిక్స్ అన్న చోట మా కార్డు పేరు లేదు. మదర్‌బోర్డుతో పాటు వచ్చే మామూలు చిప్ పేరు ఉంది. కార్డు దొంగిలించారు అనుకున్నాను. ర్యామ్ వేయడానికి వచ్చినవాడో, ఫార్మాట్ కొట్టినవాడో, ఎవడో ఒకడు ఎత్తుకుపోయాడు. కార్డు తీసిన ఖాళీ చోటు చూద్దామని, ఎవడో తేలితే ఉతికి ఆరేద్దామని, అన్ని వారాల్లో మొదటిసారి ఆ పెట్టె వెనక్కి వంగాను.

ఎండిన బంతిపూల దండ వెనకవైపు వేలాడుతోంది. నా దండ కాబట్టి నేనే పక్కకు జరిపాను. దాని వెనక కార్డు ఎక్కడిదక్కడే ఉంది. దాని సాకెట్లన్నీ ఖాళీ. మానిటర్ తీగ పైన, మదర్‌బోర్డు సాకెట్లో ఉంది. కార్డు ఇన్నాళ్లూ ఖాళీగా కూర్చుంటే, బొమ్మను తిప్పే బరువంతా ఆ చిన్న చిప్ మోసింది.

పూజ రోజు గుర్తొచ్చింది. దండ ముందే వేసేసి, తీగలు తర్వాత పెట్టాను. కింది సాకెట్లు పూల చాటున పడి కనబడలేదు. కనబడిన దాంట్లో పెట్టేశాను. తెర వెలిగింది, కొబ్బరికాయ కొట్టాను.

తీగ మార్చాను. బొమ్మ బొంగరంలా తిరిగింది. గదిలో ఒక్కదాన్నే కూర్చుని నన్ను నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

అప్పటికప్పుడు అశోక్ నగర్ నడిచి వెళ్లాను. హాస్టల్లో అడిగితే పక్క సందులో స్టడీ హాల్ చూపించారు. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, ప్రతి కుర్చీలో తల వంచుకుని ఒక మనిషి. ఆమె ముందు కంది వేరు లేదు, జనరల్ స్టడీస్ పుస్తకం ఉంది. నన్ను చూసి లేచి బయటికి వచ్చింది.

"తీగ నేనే తప్పు పెట్టిన. దసరా నాడు. నీ తప్పేం లేదు" అన్నాను. నా ఉద్యోగంలో ఎవరితోనూ అలా అనలేదు.

"తెలుసు మేడం" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగానే చెప్పింది.

"ఆ రోజు నేను గుడ్డలు పిండిచ్చుకుంట పక్కనే ఉన్న. దండ అడ్డమొచ్చి మీరు పైన పెట్టిన్రు. అప్పుడేం అనిపించలే. స్లో అయినంక అనుమానమొచ్చింది. చెప్దామనే మీ టేబుల్ కాడికొచ్చిన. మీరు చెప్పనియ్యలే."

అప్పుడైనా నోరు మూసుకోవాలి. నాకు మళ్లీ కోపమే వచ్చింది.

"మరి నువ్వే తీసి కింద పెట్టుకోవద్దా?"

"దండ ముట్టుకోవద్దన్నరు గద మేడం."

రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి.

మర్నాడు తప్పంతా నాదేనని ఉత్తరం రాసి హెడ్డుగారికి ఇచ్చాను. గడువు పెంచడం తన చేతుల్లో లేదని ఆయన అన్నారు. మిగిలింది ఒక్క వారం. ఆమె మళ్లీ మొదటి బొమ్మ నుంచి మొదలుపెట్టింది. గది తాళం చెవి ఆమెకే ఇచ్చేశాను. తొంభై ఆరింటిలో డెబ్భై ఒకటి అయ్యాయి. థీసిస్ గడువు రోజునే ఇచ్చింది, రిజిస్ట్రేషన్ నిలబడింది.

అట్ట వేయించిన ఒక కాపీ మా గదికి కూడా ఇచ్చింది. మూడో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. సమయాభావం వల్ల ఇరవై అయిదు నమూనాలను కొలవలేకపోయామని. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. సమయానికేం, కావలసినంత ఉండేది. అక్కడ రాయాల్సిన మాట వేరు, అది రాయగల అమ్మాయి కాదు ఆమె. చివరికి నేనే పెన్ను తీసి, సమయాభావం అన్న మాట కొట్టేసి, పైన నా పేరు రాసి, పుస్తకం మళ్లీ అల్మారాలో పెట్టాను.