గవ్వలకోటలో లేని పడవ

చిన్నప్పటి పుస్తకం మళ్ళీ చదివితే హాయిగా ఉంటుందని చెప్పేవాళ్ళని విశాలాక్షి ముందు కూర్చోబెట్టాలి. పంతొమ్మిదివందల అరవై ఎనిమిది మే నెలలో ఆవిడ గవ్వలకోట తెరిచింది. వారం తిరిగేసరికి కంటికి నిద్ర, నోటికి రుచి లేకుండా పోయాయి.

ఆవిడ అల్లాటప్పా మనిషి కాదు. యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగు సెక్షన్‌లో పదిహేనేళ్ళ సర్వీసు. పుస్తకం చేతికిస్తే చాలు, కర్త, శీర్షిక, పేజీలు, బొమ్మలున్నాయా లేవా, అన్నీ కార్డుకెక్కించేదాకా ఊపిరి తీసుకోదు. తార్నాకలో ఇల్లు, మెట్టుగూడ రైల్వే ఆఫీసులో గుమాస్తా అయిన మొగుడు కొండలరావు, సెలవులకి విజయవాడ మేనత్త ఇంటికి వెళ్ళిన పిల్లలిద్దరు. పిల్లలు లేని ఇల్లు బోసిగా ఉంటే, రెండేళ్ళుగా మూత తియ్యని ట్రంకుపెట్టె తీసింది.

ఆ పెట్టె వాళ్ళమ్మ వెంకటరమణమ్మది. అందులో ఎర్ర కాలికో గుడ్డ అట్టల సంపుటాలు ఏడున్నాయి. విశాలాక్షి చిన్నతనంలో మద్రాసు నుంచి పిల్లల మాసపత్రిక ఒకటి వచ్చేది. దాంట్లో ఏడేళ్ళపాటు నడిచిన సీరియల్ గవ్వలకోట. తల్లిని మాంత్రికుడు ఎత్తుకుపోతే, అన్నాచెల్లెళ్ళిద్దరు ఒంటికన్ను కొంగని తోడు తీసుకుని గవ్వలకోటకి బయల్దేరే కథ. నెలనెలా నాన్న ఆ కాగితాలు విడదీసి దాచేవాడు. ఏడాది నిండగానే రాజమండ్రి తీసుకెళ్ళి బైండు చేయించేవాడు. పెళ్ళయ్యేదాకా విశాలాక్షి వాటిని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. పెళ్ళయ్యాక ఇరవై ఏడేళ్ళు ముట్టుకోలేదు.

మొదటి మూడు సంపుటాలూ మామిడిపళ్ళు తిన్నంత సుఖంగా అయిపోయాయి. నాలుగోది తెరిచేటప్పుడు ఆవిడ కావాలని తీరిక చేసుకుంది. పొయ్యి కట్టేసి, తలుపు గడియ వేసి, కిటికీ పక్కన చాప పరుచుకుంది. ఎందుకంటే పడవ మనిషి వచ్చేది అందులోనే.

పిల్లలు మసకేటి ఒడ్డుకి వస్తారు. రేవులో ఒక ముసలామె పడవ కట్టి ఉంటుంది. దాటించడానికి కూలి డబ్బు కాదు, పేరు. ఎవరికి ఏ పేరు ఇష్టమో ఆ పేరు ఆమె కుండలో వదిలి వెళ్ళాలి. అన్న తన గుర్రం పేరు వదిలేస్తాడు. చెల్లెలికి వదలడానికి ఇంకే పేరూ లేదు. అమ్మ పేరు చెప్పేస్తుంది. అవతలి ఒడ్డున దిగాక ఎంత తన్నుకున్నా ఆ పేరు గుర్తుకు రాదు. 'తిరిగొచ్చేటప్పుడు ఇస్తాలేవే పిచ్చితల్లీ' అంటుంది పడవ మనిషి. విశాలాక్షికి గవ్వలకోట అంటే ఇదే. మిగతాదంతా దీనికి ముందూ వెనకా.

పిల్లలు ఒడ్డుకి వచ్చారు. పేజీ తిప్పింది. పిల్లలు అవతలి ఒడ్డున ఇసుకలో గవ్వలేరుకుంటున్నారు.

ముసలామె లేదు. పడవ లేదు. కుండ లేదు.

వెనక్కి తిప్పింది, ముందుకి తిప్పింది. చిరిగిన ఆనవాలు లేదు. ఒకవేళ తను సంపుటం విషయంలో పొరబడిందేమోనని అయిదూ, ఆరూ, ఏడూ మూడు రోజుల్లో ఆవురావురుమంటూ చదివేసింది. ఎక్కడా పడవ లేదు. అప్పుడు పుట్టింది భయం.

దాన్ని నవ్వి కొట్టెయ్యడానికి లేదు. వెంకటరమణమ్మ చివరి నాలుగేళ్ళూ ఈ ఇంట్లోనే గడిచాయి. ఆవిడ జబ్బు మరుపుతో మొదలు కాలేదు. జరగనివి గుర్తుకు రావడంతో మొదలైంది. ఎప్పుడూ కాలని ఇల్లు కాలిపోయిందనేది. పెళ్ళి కాకుండానే పోయిన చెల్లెలి పెళ్ళి గురించి విస్తళ్ళతో సహా చెప్పేది. అందరూ నవ్వారు, విశాలాక్షి కూడా నవ్వింది. ఆ తరవాత ఒక్కొక్క పేరే రాలిపోవడం మొదలైంది. ఆఖరి సంవత్సరం అన్నం కలిపి నోట్లో పెడుతుంటే, 'ఎవరి తల్లివో నువ్వు, చల్లగా ఉండు. మా విశాల ఎక్కడైనా కనపడిందా?' అని అడిగేది.

ఇప్పుడు తనకీ జరగనిది గుర్తొస్తోంది. విశాలాక్షికి నలభై మూడేళ్ళు. ఇంత తొందరగానా?

అనుమానం పెనుభూతం అన్నారు. ఆ భూతం ఇంట్లోనూ ఆఫీసులోనూ వెంటే తిరిగింది. పాలు పొంగిపోతే అదే అనుకుంది. ఒక కార్డు తప్పు సొరుగులో పెడితే ఖాయమనుకుంది. పొద్దున్నే తార్నాక నుంచి క్యాంపస్‌కి నడుస్తూ, దారిలో ఉన్న ఇళ్ళవాళ్ళ పేర్లన్నీ లోపల్లోపల వల్లెవేసుకునేది. ఒక పేరు తట్టకపోతే అది తట్టేదాకా ఎండలో నిలబడిపోయేది. అంతలో ఎదురింటావిడ, 'పోనుపోను మీరు అచ్చం మీ అమ్మగారే అనుకోండి' అని మెచ్చుకుంది. విశాలాక్షి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఎదురింటావిడ పదిరోజులు మాట్లాడలేదు.

కొండలరావు కాఫీ తాగుతుంటే, మామూలు మాటలాగా అడిగింది. "ఏమండీ, గవ్వలకోటలో పడవ మనిషి కథ మీకెప్పుడైనా చెప్పానా?"

"చెప్పే ఉంటావు."

"గుర్తుందా మరి?"

"పెళ్ళయిన కొత్తలో నువ్వు చెప్పిన కథలు నేనెప్పుడు విన్నాను గనక? నీ మొహం చూస్తూ కూర్చునేవాణ్ణి."

మామూలు రోజయితే ఆ మాటకి మురిసిపోయేది. ఆ రోజు ఒళ్ళు మండింది. ఉన్న ఒక్క సాక్షీ ఇలా తగలబడ్డాడు. మొగుడికి అసలు సంగతి చెప్పలేదు. చెబితే నవ్వుతాడు. అమ్మ విషయంలోనూ మొదట నవ్వినవాడే.

ఒక్క ఆశ మిగిలింది. ఆ కాగితాలు ఎప్పుడో ఊడి పడిపోయి ఉండాలి. అదే నిజమైతే తను బతికిపోయినట్టు. మర్నాడు నాలుగో సంపుటం సంచీలో పెట్టుకుని, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పకుండానే లైబ్రరీ బైండింగు గదికి దిగింది.

ఆ గది రాజలింగు రాజ్యం. జనగామ వైపు మనిషి. మాణికేశ్వర్ నగర్ నుంచి పొద్దున్నే నడిచి వచ్చి మైదా జిగురు కాచుకుని కూర్చుంటాడు. జుట్టు నెరిసింది, చూపు నెరవలేదు. పుస్తకంలో ఏముందో ఆయనకి అక్కర్లేదు. కుట్టు ఎలా ఉందో చూసి దాని జాతకం చెబుతాడు.

"ఏందమ్మా, తిండి యాళ్ళకు వచ్చిండ్రు?"

"దీంట్లోంచి కాగితాలు ఊడిపోయాయేమో చూడు రాజలింగూ. సరిగ్గా చూడు."

రాజలింగు తడిచేతులు తుడుచుకుని, పుస్తకాన్ని బల్ల అంచున ఆనించి, వెన్ను వంచి దారాలు చూశాడు. ఆయన చూసినంతసేపూ విశాలాక్షి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఒక్క కాయిదం గూడ ఊడలే. చింపిన జాడ గూడ లేదు. మంచిగ కుట్టిండు, ఎవడో పనిమంతుడు."

విశాలాక్షి పక్కనున్న కట్టెపీట మీద కూర్చుంది.

"గిది ఎన్ని నెలల కథమ్మా?" అన్నాడు రాజలింగు, ఇంకా వెన్ను వైపే చూస్తూ.

"ఏడాదిది. పన్నెండు."

"నెలకొక కుట్టు ఏసిండు. పదకొండే ఉన్నయ్."

విశాలాక్షి లాక్కుని తనే లెక్కపెట్టింది. పదకొండు. లైబ్రరీలో వేల పుస్తకాలకి పేజీలు లెక్కపెట్టిన మనిషి తన పుస్తకాన్ని ఏనాడూ లెక్కపెట్టలేదు. చిన్నప్పుడు అక్కడికి వచ్చినప్పుడల్లా పడవ కథ మనసులోనే నడిచిపోయేది, కాగితం మీద లేదన్న సంగతే తట్టలేదు. దీపం కింద చీకటంటే ఇదే. ఊడిపోలేదు, అసలు కుట్టలేదు! ఒక నెల లేదు, పడవ ఆ నెలలో ఉంది, తన బుర్ర భేషుగ్గా ఉంది. కన్నీళ్ళు వచ్చేశాయి. రాజలింగు మంచినీళ్ళ గ్లాసు అందించాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన ఉత్సాహం కొద్దీ, అవతలి ఒడ్డు కథ మొదలయ్యేచోట వేలు పెట్టాడు. "గీడ సన్న అక్షరాల్ల పోయిన నెల ముచ్చట రాసిండ్రు సూడమ్మా."

ప్రతి నెలా కథకి ముందు 'జరిగిన కథ' అని నాలుగు పంక్తులు వేసేవాళ్ళు. విశాలాక్షి పుట్టి బుద్ధెరిగాక వాటిని చదివిన పాపాన పోలేదు. కథంతా కంఠతా వచ్చినవాళ్ళు జరిగిన కథ ఎందుకు చదువుతారు? ఆ సంగతులు తెలియని వాళ్ళకి కదా అది. రాజలింగు మాత్రం కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"మసకేరు పొంగింది. పడవలు లేవు. కొంగ పిలవగా... ముసలి తాబేలు వచ్చి... పిల్లలను వీపు మీద... దాటించింది."

పడవలు లేవు. అచ్చులోనే ఉంది, పడవలు లేవని. వచ్చిన ప్రాణం వచ్చినట్టే పోయింది. ఆ దొరకని నెలలో కూడా ముసలామె లేదు. ఆమె ఎక్కడా లేదు. కాలని ఇల్లు కాలిపోయిందన్న అమ్మకీ తనకీ ఇక తేడా ఏముంది?

"మా అమ్మకి ఇలాగే మొదలైంది రాజలింగూ," అంది. వారం నుంచి మొగుడికి చెప్పలేనిది బైండింగు గదిలో చెప్పేసింది. లేని పడవనీ, కుండనీ, పేర్లనీ అన్నీ చెప్పింది.

రాజలింగు నవ్వలేదు. జిగురు గిన్నె మీద మూతపెట్టి పూర్తిగా విన్నాడు. "గింత పెద్ద కథ ఉత్తగ ఎట్ల పుడ్తదమ్మా? మీరే సదువుకున్నరా, ఎవరన్న సదివి ఇనిపించిండ్రా?"

"చదివి వినిపించారు. నాకప్పుడు టైఫాయిడు. పదకొండేళ్ళు. కళ్ళు సరిగ్గా తెరవలేకపోయేదాన్ని."

"నాయిన సదివిండా?"

"నాన్న లేడు. గోదావరికి వరద. మాది లంక గ్రామం. నాన్న అవతలి ఒడ్డున చిక్కుబడిపోయాడు. మూడు వారాలు ఊళ్ళోకి పడవ రాలేదు."

"టపా గూడ రాలేదు గద మరి. పుస్తకం ఎట్లొచ్చె?"

విశాలాక్షి కళ్ళు మూసుకుని ఆ జ్వరం రోజుల్ని తలుచుకుంది. పుస్తకం ఉంది. పసుపుపచ్చ అట్ట. మంచం పట్టె మీద ఆనించి పట్టుకున్న చేతులు, ఆ చేతులకి మట్టిగాజులు. గవ్వలకోట వచ్చే పత్రికకి ఏనాడూ పసుపుపచ్చ అట్ట లేదు. అన్నీ రంగుల బొమ్మలే. ఇంట్లో పసుపు అట్టది ఒక్కటే ఉండేది, దూలానికి వేలాడే పంచాంగం.

జ్వరంలో పిల్ల కథ కోసం ఏడుస్తోంది. పత్రిక రాలేదు. మొగుడు ఏటికి అవతల ఉన్నాడు, ఉన్నాడో లేడో తెలీదు. ఇంట్లో చేతికందిన పుస్తకం పంచాంగం. అది తీసి పట్టుకుని, అక్షరాల మీద వేలు జరుపుకుంటూ...

"అమ్మ చదివింది," అంది విశాలాక్షి. మళ్ళీ తనే అంది, "మా అమ్మకి చదువు రాదు."

రాజలింగు ఆవిడ ఏడుపు అయ్యేదాకా కత్తెర సానపెట్టుకుంటూ కూర్చున్నాడు. తలుపు దగ్గరికి ఎవరో అటెండరు వస్తే, తరవాత రమ్మని పంపేశాడు.

సంపుటం కుట్టు విప్పి ఉంచమని రాజలింగుకి చెప్పి వచ్చాక, ఆ మధ్యాహ్నం కేటలాగు సెక్షన్‌లో ఒక్క కార్డూ కదల్లేదు. విశాలాక్షి తెల్ల కాగితాలు ముందేసుకుని రాస్తూనే ఉంది. భయం పోయిందా అంటే పోలేదు. అమ్మ జబ్బు రేపు తనకీ రావచ్చు, ఎల్లుండి రావచ్చు. కాని ఇంతకు ముందు తన గురించే భయపడింది. ఇప్పుడు ఆ పడవ గురించి భయపడుతోంది. ఈ కథ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఏ ప్రెస్సులోనూ, ఏ లైబ్రరీలోనూ, ఏ పాత కట్టలోనూ దొరకదు. తను మరిచిపోతే ఇక అంతే. అందుకే అక్షరాలు వంకర పోతున్నా ఆగలేదు. తిరిగొచ్చేటప్పుడు ముసలామె పేరు ఇచ్చేసిందో లేదో రాయాలనిపించింది. అది అమ్మ చెప్పలేదు. వరద తీసి నాన్న ఇల్లు చేరాక, తరవాతి నెల పత్రిక వచ్చింది, అమ్మ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పుస్తకంలో లేనిది కార్డుకెక్కించడం ఆవిడకి చేతకాదు, అంచేత అక్కడితో ఆపేసింది.

సాయంత్రం అయిదుకి ఎనిమిది పేజీలు తీసుకుని మళ్ళీ దిగింది. రాజలింగు అప్పటికే నాలుగో సంపుటం కుట్టు విప్పి ఉంచాడు. కాగితాలు మడిచి, అంచులు సమం చేసి, ఏరుకి ఇవతలి నెలకీ అవతలి నెలకీ మధ్యలో పన్నెండో కుట్టు వేశాడు. వెనకాల రెండు తెల్ల కాగితాలు కూడా చేర్చాడు.

"ఇవెందుకు?"

"ఇంకేమన్న యాదికొస్తే రాస్కోరి."

తరవాత ఆవిడ రాసిన వాటిలో మొదటి పేజీ తిప్పి చూసుకుని, కలం చేత్తో పట్టుకుని అడిగాడు. "మిగిలిన కథలకు పైన రాసినోళ్ళ పేరున్నది. దీనికి ఎవరి పేరు ఎయ్యాలమ్మా?"

"వెంకటరమణమ్మ అని రాయి."

ఆయన నిదానంగా, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టుగా రాశాడు. ఊది ఆరబెట్టాడు.

"పెద్ద రచయిత్రా?"

"వేలిముద్ర," అంది విశాలాక్షి.