నీళ్ళు తాగని ఇంజను

ఎన్నూరు రోడ్డు మీద లారీల వెనక ఆటో ఈడ్చుకుంటూ పోతోంది. చెల్లెలింటికని పెరంబూరులో ఎక్కిన జెబకుమార్ ఉన్నట్టుండి డ్రైవరు భుజం పట్టుకున్నాడు.

"ఆపు పా, సెంథిలూ."

"ఈడేముంది తాతా, కరెంటు ఫ్యాక్టరీ బూడిద తప్ప?"

రోడ్డు పక్కన పాత వోక్స్‌వ్యాగన్ వ్యాను ఆగివుంది. పైన మీగడ రంగు, కింద నీలం, గుండ్రటి కళ్ళు, ముక్కు లేని మొహం. అరవైల్లో జర్మనీ నుంచి ఓడెక్కి వచ్చిన బండి. ఆ కాలపు బండ్లకు మొహాలుండేవి. మద్రాసులోనే తయారైన హెరాల్డు కారుకు కాస్త పొగరు, ఫియట్‌ది గుమాస్తా అణకువ, మోరిస్ మైనరు బోసినోటి అవ్వ. ఇప్పటి కార్లేమో ఎవర్నో కొట్టడానికి బయల్దేరినట్టుంటాయి. ఇదంతా జెబకుమార్ సిద్ధాంతమే. పెరంబూరు టీకొట్టులో వినక తప్పించుకున్నవాళ్ళు లేరు.

కానీ ఈ వ్యానును పగలగొట్టెయ్యమని తనే పాతసామాన్లవాడికి ఇచ్చాడు. తెరిచున్న డ్రైవరు తలుపు లోపలివైపు, తన భార్య లూర్దుమేరి అంటించిన వేళాంగణి మాత బొమ్మ గీకేసిన మచ్చ ఇంకా ఉంది. ఎవరో దీన్ని బతికించారు.

బతికించినాయన అమరనాథ్. వెనక సీట్లో ఆయన తల్లి అలమేలుమంగ. వాళ్ళ తెలుగు విని జెబకుమార్ దగ్గరికి వెళ్ళాడు.

"బాగుంది కదా అంకుల్? పాతకార్ల ప్రదర్శనకు తీసుకుపోతున్నా," అన్నాడు అమరనాథ్.

ముందు రోడ్డంతా నీళ్ళు. రాత్రి వానకు ఉప్పుటేరు పొంగి రోడ్డెక్కింది. కార్లు వెనక్కి తిరిగిపోతున్నాయి.

"మాకేం దిగుల్లేదు. దీనికి రేడియేటరే లేదు, గాలికే చల్లబడుతుంది. నీళ్ళు తాగని ఇంజను. పడవలా పోతుంది," అన్నాడు అమరనాథ్.

అవి జెబకుమార్ మాటలే. తను డ్రైవరుగా చేసిన మిషన్ ఆసుపత్రి మూతపడి ఫాదర్లు ఆ వ్యాను తనకిచ్చేసినప్పటినుంచీ వీధివీధినా చెప్పుకున్నవి. అందరూ డీజిలు ఇంజను వేయించుకోమన్నా వినలేదు. పేటలో ఏ పెళ్ళికూతురైనా గుడికి ఆ బండిలోనే వెళ్ళాలి. అలాంటి బండికి లారీ గుండె పెడతాడా?

"నీళ్ళలోకి దింపొద్దు సారూ," అన్నాడు.

"మీరు మెకానిక్కా?"

"కాదు."

అమరనాథ్ నవ్వి తాళం తిప్పాడు. అలమేలుమంగ కిటికీ పక్కన కొంగు సర్దుకుంది. అదే సీటు. ఆ మూలే. ఇక చెప్పకుండా ఉండటానికి జెబకుమార్‌కు దారి లేకపోయింది.

"ఈ బండి నాదే సారూ. పెద్ద వరదప్పుడు మా లూర్దుమేరికి ఊపిరాడలా. కాసిమేడు జాలర్లు మా సందులోకి పడవ తెచ్చినారు. 'ఎక్కించన్నా' అని బతిమాలినారు. నా బండుండగా పడవెందుకు అనేసినా. వాళ్ళు ఇంకో సందుకు పోయినారు. వ్యాసర్పాడిలో రైలుపట్టాల కింది సబ్‌వేలో నీళ్ళు వెనకనుంచి లేచినాయి. ఇంజనుండేది వెనకే కదా. ఆగిపోయింది. అరిచినా ఎవరూ రాలా. ఇప్పుడు మీ అమ్మ కూర్చున్న చోటే లూర్దుమేరి పోయింది."

అమరనాథ్ చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. పక్క తలుపు తెరిచి అలమేలుమంగ తనంతట తనే దిగింది. వచ్చి జెబకుమార్ చెయ్యి పట్టుకుంది.

"ఆఖర్న ఏమైనా అనిందా నాయనా?"

"బండిని తిట్టొద్దనింది."

అప్పుడు అమరనాథ్ ఇంజను ఆపి, జేబులోంచి ఫోను తీశాడు.

"అంకుల్, ఇదే ఒకసారి బండి పక్కన నిలబడి చెప్తారా? ఇంత కథున్న బండి ప్రదర్శనలో ఇంకోటుండదు."

"అమరా, నోరు ముయ్యి," అంది తల్లి.

జెబకుమార్ ఆమె చేతిలోంచి మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. ఆమె ఇక ఆ బండెక్కదు. అంతవరకు చాలు. తలుపు మీది బురద చుక్కల్ని అలవాటుగా అరచేత్తో తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా వచ్చిన దారినే నడిచాడు. సెంథిల్ హారను కొట్టాడు. ఆటోను కూడా దాటి, లారీల పొగలో నడుస్తూనే ఉన్నాడు.