బావ కూర్చుంటే బండి దిగినంత

పోయినవన్నీ ముందు కూడి పెడతాను. మా బావ ఒంట్లోంచి ముప్పై కేజీలు పోయాయి. వేలికి వదులైన ఉంగరం జారి రొయ్యల చెరువులో పోయింది. బండి వెనక స్ప్రింగుని నొక్కి ఉంచే కాలరు రెండున్నర చుట్లు వెనక్కి పోయింది. ఇసుకలో తిరగాల్సిన ఒక వేసవి పోయింది. ఆఖరికి బావే పోయాడు.

నేను మెకానిక్కుని కాను. రైస్ మిల్లులో కాటా దగ్గర ఉంటాను. లోడుతో వచ్చిన లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేసి ధాన్యం ఎంతో చెప్పడం నా పని. బండి షాక్ అబ్జార్బర్ల సంగతి బావ కోసం నేర్చుకున్నాను.

బావ మా అక్క భర్త. రొయ్యల చెరువులు చేసేవాడు. గట్ల మీద తిరగడానికని చెప్పి, గతుకుల్లో తోలే ఎత్తు మోటార్‌సైకిల్ ఒకటి కొన్నాడు. అసలు కారణం గట్లు కాదు. వేసవిలో గోదావరి వశిష్ఠ పాయ సన్నబడి ఇసుక తేలినప్పుడు, ఆదివారం పొద్దున్నే ఆ తిన్నెల మీద బండి తోలడమంటే ఆయనకి ప్రాణం. కానీ మా వైపు ఏ బండి షెడ్డుకి వెళ్ళినా ముందుగా వెనక స్ప్రింగుని బిగించేస్తారు. ఏ బండైనా ఎప్పుడో ఒకప్పుడు మేత బస్తాలు మోయాల్సిందే కదా అని వాళ్ళ ఉద్దేశం. బావ బండినీ అలాగే బిగించారు. ఇసుకలో అది వెనకనుంచి ఎగదన్నేది. ఆయన నడుం పట్టేసింది.

అప్పుడు నేను ఫోన్లో వీడియోలు చూసి, టేపు పట్టుకుని కూర్చున్నాను. పద్ధతి కష్టమేం కాదు. చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి సీటు కింద పెట్టుకున్న గుర్తు దాకా కొలవాలి. మనిషి ఎక్కి కూర్చున్నాక మళ్ళీ కొలవాలి. ఆ తేడాయే దిగుడు. దిగుడు తక్కువైతే బండి ఎగదంతుంది, ఎక్కువైతే గతుకులో అడుగు తగులుతుంది. ఒకరు కూర్చోవాలి, ఒకరు హ్యాండిల్ పట్టుకోవాలి, ఒకరు టేపు చూడాలి. హ్యాండిల్ పట్టుకోవడానికి మిల్లు హమాలీని పిలిచేవాణ్ణి.

"ఏం బావమరిదీ, ధాన్యం అయిపోయిందని మనుషుల్ని తూస్తున్నావా?"

"కదలకండి బావా. ఊపిరి తీసినా ఒక మిల్లీమీటరు మారుతుంది."

"తేమ కింద నా బరువులో ఎంత కోస్తావో అదీ చెప్పు!"

హమాలీ నవ్వు ఆపుకోలేక హ్యాండిల్ వదిలేసినంత పని చేశాడు. అప్పుడు బావ ఎనభై రెండు కేజీలు. యాభై నాలుగు మిల్లీమీటర్ల దిగుడు ఆయనకి కుదిరింది. ఆ ఆదివారం ఇసుక మీద తోలొచ్చి, "కింద బండి ఉన్నట్టే లేదురా" అన్నాడు. నా లెక్కని ఎవరైనా అంతగా మెచ్చుకోవడం అదే మొదలు.

తర్వాతి శీతాకాలంలో బండి మళ్ళీ తెచ్చాడు. "స్ప్రింగు గట్టిపడిపోయిందిరా. వదులు చెయ్యి" అన్నాడు. కూర్చోబెట్టి కొలిస్తే దిగుడు యాభైకి వచ్చింది. స్ప్రింగు వాడేకొద్దీ మెత్తబడితే పడుతుందేమో గాని గట్టిపడదు. చక్రమూ ఇరుసూ అన్నీ చూశాను, ఎక్కడా పట్టెయ్యలేదు. ఇక మారింది పైనున్న బరువే. కాలరు ఒక చుట్టూ కాస్తా వెనక్కి తిప్పి, యాభై నాలుగుకి తెచ్చి ఇచ్చాను. బావ బెల్టు కొస పక్క లూపు కూడా దాటి వేలాడుతుంటే అప్పుడు చూశాను.

ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది. వైజాగ్‌లో పరీక్షలు చేయించారట. జబ్బు పేరు చెప్పింది.

"ఆయనకి అల్సర్ అని చెప్పాం. నీ మొహంలో కూడా కనపడకూడదు. తెలిస్తే మనిషి ఆ రోజే కూలిపోతాడు, తమ్ముడూ."

మా ఇళ్ళల్లో అంతే. పెద్ద జబ్బు పేరు చుట్టాలందరికీ తెలుస్తుంది, అది వచ్చినవాళ్ళకి తప్ప.

ఎండలు మొదలయ్యేసరికి బావ మూడోసారి వచ్చాడు. ఈసారి తోలుకుని రాలేదు, ట్రాలీ ఆటోలో వేసి తెచ్చాడు. "ఇసుక తేలుతోంది. ఈ ఏడాది ఒక్కసారైనా తోలాలి. మళ్ళీ రాయిలా అయిపోయింది, చూడు" అన్నాడు. దిగుడు మళ్ళీ నాలుగు మిల్లీమీటర్లు తగ్గింది. మళ్ళీ అంతే తిప్పాను. ఆయన కూర్చుంటే లెక్క సరిపోయింది గాని, దిగాక ఖాళీ బండి ఉండాల్సిన దానికంటే చాలా కిందకి కుంగి ఉంది. కాలరు తిప్పడంతో తీరే దశ దాటిపోయింది. ఆ స్ప్రింగు ఆ మనిషికి ఎక్కువ. ఇంకా మెత్తది వెయ్యాలి.

బెంగళూరులో స్ప్రింగులు అమ్మే షాపుకి ఆయన ఎదుటే ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను.

"రైడర్ వెయిట్ ఎంత సార్?"

"ఎనభై రెండు," అన్నాడు బావ.

"ఎనభై రెండుకి మీ బండిలో ఉన్నదే కరెక్టండి. మార్చక్కర్లేదు."

బావ నావైపు చూశాడు. నేను టేపు వైపు చూస్తున్నాను. "మళ్ళీ చేస్తామండి" అని ఆయనే ఫోన్ పెట్టేశాడు. హమాలీని టీ తెమ్మని పంపేశాడు.

"నీ టేపు ఎంత అంటోంది?"

"లెక్క కడితే అరవై మూడు కేజీలు బావా."

"అరవై మూడుకే చెప్పు. మీ అక్కకి మాత్రం చెప్పకు. అల్సర్ అనుకుంటోంది పిచ్చిది. రిపోర్టు నేను ఫోన్లో చదువుకున్నాలే. ఆవిడకి తెలిస్తే తట్టుకోలేదు."

వాళ్ళిద్దరి మాటా నా దగ్గరే ఉంది. ఒకరిది ఇంకొకరికి చెప్పే హక్కు నాకు లేదనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

కొరియర్ రావడం ఆలస్యమైంది. స్ప్రింగు వచ్చేసరికి బావ గుమ్మం దాటడం మానేశాడు. నేనే వాళ్ళింటికి వెళ్ళి వాకిట్లో బండిని బల్ల మీదికి ఎక్కించి, కొత్తది వేసి కిందికి దించాను. కూర్చుని చూస్తానని పట్టుబట్టాడు. హ్యాండిల్ పట్టుకోవడానికి ఎవరూ లేరు. అక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ముందు నిలబడింది.

"గట్టిగా పట్టుకో. పెళ్ళిలో నా చెయ్యి పట్టుకున్నట్టు కాదు," అన్నాడు బావ.

"ఆ రోజు మీ చెయ్యే వణికింది, నాది కాదు," అంది అక్క.

ఆయన మెల్లగా కాలు వేసి ఎక్కాడు. నేను కింద మోకాళ్ళ మీద కూర్చుని ఇరుసు దగ్గర టేపు ఆనించాను. ఒకసారి చూశాను. నమ్మకం కుదరక రెండోసారి చూశాను.

"ఎంతరా?" అంది అక్క.

"ఎంత?" అన్నాడు బావ, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క కళ్ళు నిండిపోయాయి. అప్పుడే ఇద్దరికీ అర్థమైపోయిందని నాకనిపించింది. బావ హ్యాండిల్ మీదున్న అక్క చేతి మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడొద్దులే. కాఫీ తాగాక చెబుదువుగాని," అన్నాడు నాతో.

కాఫీకి ముందే బండి స్టార్ట్ చేశాడు. వద్దని ఇద్దరమూ అనలేదు. కాలవగట్టు దాకా నెమ్మదిగా వెళ్ళి, గతుకుల మీదుగా తిరిగొచ్చాడు. ఇసుక దాకా వెళ్ళే ఓపిక లేదు. దిగి అరుగు మీద కూర్చుని, ఆయాసం తగ్గాక, "ఇదిరా నా బండి" అన్నాడు. కాఫీ వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఎక్కలేదు.

బండి అక్క ఇంట్లోనే ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఒక్కోసారి అడగబోయి, కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది. అరవై మూడు కేజీల మనిషికి కట్టిన స్ప్రింగు మీద ఆ రోజు దిగుడు యాభై నాలుగు మిల్లీమీటర్లు రావాలి. వాళ్ళిద్దరికీ నేను ఇంకా చెప్పాల్సి ఉన్న లెక్క నలభై ఎనిమిది.