ఊసరవెల్లికి నేను బేరమాడి తెచ్చిన ఇల్లు

డెబ్భై ఐదు డాలర్లు చెప్పిన గాజుతొట్టిని నలభైకి దింపినవాణ్ణి నేను. ఊరికే దింపలేదు. అమ్మేవాళ్ళు మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉండే తెలుగువాళ్ళు. డాలస్ వెళ్ళిపోతున్నామని, పొద్దున్నే ట్రక్కు వస్తుందని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ ముందు రోజు సాయంత్రం దాకా ఓపిక పట్టి అప్పుడు ఫోన్ చేశాను. వాళ్ళ గరాజ్‌లో తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, మూలన ఉన్న సన్నటి గీత మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా నిట్టూర్చాను. ఆ నిట్టూర్పు ఒక్కటే పదిహేను డాలర్లు చేసింది. కొసరుగా ఒక ప్లాస్టిక్ తీగ, రాతిముక్కలా కనిపించే నీళ్ళగిన్నె కూడా వేయించుకున్నాను.

"చూశావా, కొనడమంటే ఇదీ," అన్నాను కార్లో మా అమ్మాయితో.

పన్నెండేళ్ళది. కుక్క కావాలని రెండేళ్ళు అడిగి, వాళ్ళమ్మ బొచ్చున్న జంతువు గడప తొక్కడానికి వీల్లేదంటే, ఇంటర్నెట్ అంతా వెతికి బొచ్చు లేనిదీ, అరవనిదీ, వాకింగ్‌కి తీసుకెళ్ళక్కర్లేనిదీ పట్టుకుంది. ఊసరవెల్లి.

"కానీ నాన్నా, కెమీలియన్‌కి మెష్ కేజ్ ఉండాలని వీడియోల్లో చెప్పారు. గ్లాస్ వద్దన్నారు."

"వీడియోల వాళ్ళకేం, వెనకాల ఎవడో స్పాన్సర్ ఉంటాడు."

మా నాన్నది తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు. గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నాను. ఎక్కాలతో పాటు నేర్చుకున్నది ఇంకొకటుంది. మనం అడగని సంగతి అమ్మేవాడు తనంతట తాను చెప్తున్నాడంటే, ఇంకో వస్తువు అంటగట్టబోతున్నాడని. కుక్కర్ కొన్నావిడతో మా నాన్న, "ఇంకో గాస్కెట్ కూడా తీసుకెళ్ళమ్మా, దానికోసం మళ్ళీ ఊర్నించి ఏం వస్తావు?" అనేవాడు ఎంతో జాలిగా. ఆ జాలీ నిజమే, గాస్కెట్ మీద లాభమూ నిజమే. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చన్నది మాత్రం నలభై ఐదేళ్ళొచ్చినా నా తలకెక్కలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం. మేముండే నేపర్‌విల్ నుంచి గంట ప్రయాణం, ఒక పెద్ద హాల్లో పాములూ బల్లులూ అమ్మే రెప్టైల్ ఎక్స్‌పో. తలుపులు తియ్యకముందే మంచులో వెళ్ళి నిలబడ్డాం. బోణీ బేరం నా లెక్క. మొదటి గిరాకీని ఉత్తచేతులతో పంపించే కొట్టువాణ్ణి నేను మా బజార్లో చూడలేదు.

మొదటి టేబుల్ దగ్గర డెబ్భై దాటిన అమెరికన్ పెద్దావిడ కూర్చుని ఉంది. మెడలో తాడుకి కళ్ళజోడు, ఒళ్ళో అల్లిక. మిగతా టేబుళ్ళ మీద ప్రాణులన్నీ ప్లాస్టిక్ కప్పుల్లో ఉంటే ఆవిడవి మాత్రం కుండీల్లోని చిన్న చిన్న చెట్ల మీద ఉన్నాయి, చెట్టుకి ఒకటి. అందులో పెన్సిల్ అంత పొడవున్న పిల్ల ఒకటి, చివురాకు రంగులో, నెత్తిమీద కోసు టోపీ పెట్టుకున్నట్టున్న తలతో, మా అమ్మాయిని ఒక కంటితో చూస్తోంది. రెండో కన్ను నా మీద. మా నాన్న సరిగ్గా ఇలాగే ఒక కన్ను గిరాకీ మీద, ఒక కన్ను గల్లా మీద ఉంచగలిగేవాడు. అప్పుడే సగం పడిపోయాను. పైకి తెలియనివ్వలేదు.

"నూట పది," అందావిడ.

"ఎనభై," అన్నాను.

ఆవిడ నన్ను వదిలేసి మా అమ్మాయి వైపు తిరిగింది. "పెట్టె అమర్చుకున్నావా తల్లీ?"

మా అమ్మాయి ఉత్సాహంగా ఫోన్‌లో తొట్టి ఫోటో చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"గాజుది."

"చాలా పెద్దది," అన్నాను నేను.

"అయితే అమ్మను."

ఎన్నో బేరాలు చూశాను గానీ, సరుకు ఎదురుగా పెట్టుకుని అమ్మనన్న మనిషిని చూడ్డం అదే మొదలు. ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నాను. "సరే, తొంభై," అన్నాను.

ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు కూడా. గాలి ఆడేలా వల గోడలుండే మెష్ పెట్టె కొనుక్కోండి, లోపల నిజం చెట్లు పెట్టండి, వారం రోజులు ఖాళీగా నడపండి, వేడీ తేమా రోజూ రాసుకోండి, అప్పుడు రండి, ఈ పిల్లని మీకోసం అట్టేపెడతాను అని మా అమ్మాయికి చెప్పింది. ఆవిడ కుర్చీ వెనకాల మెష్ పెట్టెలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. నేను వాటివైపు కనుబొమ్మ ఎగరేసి, తెలుగులో, "గాస్కెట్," అన్నాను. మా అమ్మాయికి ఆ కథ తెలుసు. అయినా నవ్వలేదు. ఆవిడిచ్చిన కార్డు జాగ్రత్తగా జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంది.

మూసేసే వేళ దాకా హాల్లోనే తిరిగాను. చివరి వరసలో ఒకాయన కప్పులు సర్దేసుకుంటున్నాడు. తాను తొంభై చెప్పిన ఊసరవెల్లి పిల్లని అరవైకి ఇచ్చాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ అడగకపోవడం నాకు మర్యాదగా అనిపించింది.

కారు ముందే వేడి చేసి, కప్పుని మా అమ్మాయి కోటు లోపల పెట్టుకుని ఇంటికొచ్చాం. తొట్టిలో ప్లాస్టిక్ తీగ వేలాడదీశాం, రాతి గిన్నె నిండా నీళ్ళు పోశాం, పైన వేడి దీపం వెలిగించాం. ఆ సాయంత్రం ముగ్గురం భోజనాలు మర్చిపోయి దాని ముందు కూర్చున్నాం. కాలు ఒక్కొక్కటే లేపి, గాల్లో ఆపి, ముందుకీ వెనక్కీ ఊగి, అప్పుడు గానీ దించదు. గాలికి కదిలే ఆకులా కనపడాలని అంత పని. వేళ్ళు రెండు గుత్తులుగా పట్టకారులా తీగని పట్టుకుంటున్నాయి. తోక జంతిక చుట్టలా ఉంది. "బల్లి" అని తప్ప దాన్ని ఇంకో మాటతో పిలవనన్న మా ఆవిడ కూడా, "అబ్బ, ఎంత నెమ్మదో దీనికి," అంది.

ఆదివారం నుంచి అది ముదురు గోధుమరంగు అయింది. గాజులో తన నీడని చూసి నోరు తెరిచి ఒళ్ళు పెద్దది చేసుకుంటోంది. ఎటు తిరిగినా ఇంకోటి ఎదురవుతోంది. గిన్నెలో నీళ్ళు గీత కూడా తగ్గలేదు. సోమవారం మా అమ్మాయి స్కూల్నించి వచ్చేసరికి పట్టపగలు కళ్ళు మూసుకుని ఉంది. తెరిచినప్పుడు ఆ గుండ్రటి కనుగూళ్ళు లోపలికి పోయి కనిపించాయి.

"నాన్నా, ఇది చచ్చిపోతోంది," అంది మా అమ్మాయి.

"కొత్త చోటు కదమ్మా, అలవాటవుతుంది," అన్నాను. నాకే నమ్మకం లేని మాట. కొట్లో సొట్టపడిన గ్లాసు అమ్మినప్పుడు కూడా గొంతు అలా ఉండదు.

మా అమ్మాయి జాకెట్ జేబులోంచి కార్డు తీసి, ఫోన్ స్పీకర్లో పెట్టి పెద్దావిడకి కాల్ చేసింది. ఎవరో గుర్తు చేసి, మొత్తం చెప్పేసింది. గాజుతొట్టి, చివరి టేబుల్, గిన్నె, మూసుకున్న కళ్ళు. చివర్లో, "మీరు ఇంకో సరుకు అంటగడుతున్నారని మా నాన్న అనుకున్నారు," అని కూడా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. నేల చూస్తూ ఉన్నాను.

ఆవిడ తిడుతుందనుకున్నాను.

"మీ నాన్నని పెన్నూ కాగితం తెచ్చుకోమను," అందావిడ.

గిన్నెలో నిలవున్న నీళ్ళు దానికి నీళ్ళలా కనపడవట. ఆకు మీద మెరిసే చుక్క అయితేనే తాగుతుందట. గాజులో గాలి ఆడదు, దీపం వేడికి తప్పుకునే చల్లటి మూల ఉండదు, నీడ భయం సరేసరి. ముందు దాన్ని డాక్టర్‌కి చూపించమంది. పెట్టెని తలల కంటే ఎత్తులో పెట్టమంది. మనుషులు పైనుంచి వంగి చూస్తే అది మనల్ని గద్ద అనుకుంటుందట.

"పెట్టె మీ దగ్గరే కొంటాను," అన్నాను. నా వరకూ అది క్షమాపణ.

"నా దగ్గరికి రావడానికి రెండున్నర గంటలు. అంతసేపు దానికి లేదు. ఊళ్ళో ఏ షాపులో దొరికితే అక్కడ కొను," అని పెట్టేసింది.

నడుమెత్తున పేర్చిన ఆవిడ పెట్టెలు నా కళ్ళముందు అలాగే ఉన్నాయి. అందులో ఒక్కటీ నాకు అంటగట్టలేదు. నాకు మొట్టమొదటిసారి ఒక అమ్మేమనిషి ముందు సిగ్గేసింది.

పాములకీ బల్లులకీ వైద్యం చేసే డాక్టరమ్మ ఆ సాయంత్రమే చూసింది. చర్మం కింద సన్నటి సూదితో నీళ్ళెక్కించి, "రేపు తనంతట తాను తాగితే గట్టెక్కినట్టే," అంది. తాగకపోతే అని మా అమ్మాయి అడగలేదు. నేనూ అడగలేదు. వస్తూ దారిలో షాపులో మెష్ పెట్టె కొన్నాను. ధర చీటీ ఎంతుంటే అంత. కౌంటర్ దగ్గర నోరు తెరవలేదు.

ఇంటికొచ్చాక చెట్టు సమస్య వచ్చింది. వంటింటి కిటికీలో మా ఆవిడ మనీ ప్లాంట్ ఉంది, ఎవరో ఆంటీ ఇచ్చిన చిన్న కొమ్మతో మొదలుపెట్టి, బియ్యం కడిగిన నీళ్ళు పోసి పోసి పెంచింది. కిటికీ అంతా అల్లుకుంది.

"నా మనీ ప్లాంట్‌ని బల్లికివ్వాలా?" అంది. మా అమ్మాయి మొహం చూసింది. తనే కుండీ దించి, సింకులో ఒక్కో ఆకూ రెండువైపులా కడగడం మొదలుపెట్టింది.

పెట్టెని బట్టల బీరువా మీదికి ఎక్కించాం, ఇల్లు వేడి చేసే ఫర్నేస్ గాలి తగలని గోడ చూసి. ఆ ఎండుగాలికి ఈ దేశంలో మన పెదాలే పగులుతాయి, దాని సంగతి చెప్పాలా? దీపం ఒక మూల పైన, దాని పక్కన ఎండకి బదులుగా వెలిగే పొడుగు లైటు. కొమ్మలు అడ్డంగా, ఏటవాలుగా కట్టాను. పెరుగు డబ్బా అడుగున సూదితో బెజ్జం పెట్టి పైన మెష్ మీద ఉంచితే, చుక్కా చుక్కా సరిగ్గా ఆకు మీద పడింది. కింద నీళ్ళు పట్టడానికి పార్టీ ఆర్డర్ బిర్యానీ వచ్చిన అల్యూమినియం ట్రే పెట్టాం.

తెల్లారాక దీపం వెలిగింది. అది కొమ్మ మీద మట్టిరంగులో ముడుచుకుని ఉంది. మా అమ్మాయి స్కూలు బస్సు వదిలేసి నా చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆకు కొసన ఒక చుక్క ఊరి, నిలిచి, మెరిసింది. ముందు ఒక కన్ను దానివైపు తిరిగింది. రెండోది ఇంకా మా మీదే ఉంది. చాలాసేపటికి అదీ తిరిగింది. ఒక అడుగు. ఊగింది, ఆగింది. ఇంకో అడుగు. మూతి చుక్కకి ఆనించింది. గొంతు కింద చర్మం కదిలింది. మళ్ళీ కదిలింది. పావుగంట సేపు తాగింది, ఒక్కో చుక్కా వచ్చేదాకా ఆగి మరీ. 

పది గంటలకల్లా మెడ దగ్గర ఆకుపచ్చ మొదలైంది. మధ్యాహ్నానికి తోక దాకా దిగింది.

మాట మార్చే మనిషిని ఊసరవెల్లి అని తిడతాం. మా బజార్లో ఆ తిట్టు తినని వ్యాపారి లేడు, మా నాన్నతో సహా. దీన్ని పెంచాక తెలిసింది, ఆ తిట్టు దీనికి ఎంత అన్యాయమో. ఇది మోసం చెయ్యడానికి రంగు మార్చదు, లోపలున్నది దాచుకోలేక మారుస్తుంది. భయమేస్తే నలుపు, చలేస్తే ముదురు, హాయిగా ఉంటే చివురాకు. అంతా ఒంటి మీదే, చదువుకునేవాడికి బోర్డు రాసిపెట్టినట్టు. కొట్లో కూర్చోబెడితే ఒక్క పూటలో దివాలా తీసేది. రెండు రోజులు అది గోధుమరంగులో నాతో చెప్తూనే ఉంది. ఎదుటివాడి మొహంలో పదిహేను డాలర్లు చదవగలిగిన నేను దాన్ని చదవలేదు.

పెద్దావిడకి వీడియో పంపిస్తే జవాబొచ్చింది: "బాగుంది. ఆకులు చాలవు. దాక్కోవాలనిపిస్తే దాక్కునే చోటుండాలి." ఇంకో చెట్టు కొన్నాను. గాస్కెట్ అనుకోలేదు.

గాజుతొట్టిని గ్రూపులో ఉచితమని పెట్టాను, చేపలకి మాత్రమే అని రాసి. నిమిషంలో ఒకాయన ఫోన్. "ఊరికే ఎందుకిస్తున్నారన్నా? లీకవుతుందా?"

"లేదండీ, బంగారంలాంటి తొట్టి."

"మరైతే డబ్బులెందుకు తీసుకోవట్లేదు?" అని అడిగి, ఆలోచించుకుంటానన్నాడు. మళ్ళీ చెయ్యలేదు. నేనైనా చేసేవాణ్ణి కాదు.

ఇక లెక్క. మా అమ్మాయి వేడీ తేమా రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీలో వేశాను. గాజుతొట్టి నలభై. ఊసరవెల్లి అరవై. వేడి దీపం ఇరవై రెండు, పొడుగు లైటు నలభై ఎనిమిది. మెష్ పెట్టె నూట పదిహేను. డాక్టరమ్మ నూట నలభై ఐదు. దాని తిండికి మొదటి డబ్బా కీచురాళ్ళు తొమ్మిది, వాటికి అద్దే కాల్షియం పొడి ఎనిమిది. వేడీ తేమా చూపించే మీటరు పదిహేడు, నీళ్ళు చల్లే సీసా నాలుగు, రెండో చెట్టు పంతొమ్మిది. పెరుగు డబ్బా, బిర్యానీ ట్రే, మనీ ప్లాంట్ సున్నా. మొత్తం నాలుగు వందల ఎనభై ఏడు డాలర్లు. పెద్దావిడ చెప్పిన ధరకి, ఆవిడ చెప్పిన పద్ధతిలో కొనుంటే తొట్టీ లేదు, డాక్టరమ్మా లేదు, మూడు వందల యాభై రెండుతో అయిపోయేది. బేరాల్లో నేను మిగిల్చింది తొట్టి మీద ముప్పై ఐదు, ఊసరవెల్లి మీద ముప్పై, వెరసి అరవై ఐదు. ఆ మిగల్చడానికి పైన పడిన ఖర్చు నూట ముప్పై ఐదు.