మోదుగు పువ్వు వెలిగిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో నాకు లోకంలోని వస్తువులన్నీ వెలిగేవీ వెలగనివీ అని రెండే రకాలుగా కనిపించేవి. వరంగల్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. మోదుగు పువ్వు రసంలో ఫ్లోరోసెన్స్ ఉందో లేదో చూడడం నా ప్రాజెక్టు. సంగతి చిన్నదే. కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని అణువు మింగి ఎగిరి గంతేస్తుంది. రెప్పపాటు కూడా పట్టకుండా అటూ ఇటూ ఊగి కొంత శక్తి పోగొట్టుకుని, మిగిలినదాన్ని కంటికి కనిపించే వెలుగుగా వదిలేస్తుంది. (పక్కింటికి పంపిన లడ్డూను దారిలో కాస్త కొరికి ఇచ్చే పిల్లలను చూసినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.) ఏ రంగు దగ్గర ఎంత వెలుగు వచ్చిందో మెషిన్ గీత గీసి చూపిస్తుంది. గీత కొండలా లేస్తే పండగే! నాకేమో ఎన్నిసార్లు పెట్టినా నేలబారు గీతే. "శుక్రవారం లోపల ఏం రాకుంటే నువ్వు గూడ ధర్మసాగర్ చెరువు నీళ్ళ హార్డ్‌నెస్ కొలుసుడే" అన్నారు మా సార్. ఏటా ఎవరో ఒకరు కొలిచే ఆ నీళ్ళు ఈసారి నా నెత్తిన పడకూడదని మొక్కని దేవుడు లేడు.

శుక్రవారం రానే వచ్చింది. రసం పోసే చిన్న గాజు గిన్నెను కడిగాను, అది ఆరేదాకా ఆగే ఓపిక లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న తెల్లటి నూలు గుడ్డ కొసను లోపలికి దూర్చి శుభ్రంగా తిప్పాను. (మాది మగ్గం ఉన్న ఇల్లు, తెల్లబట్ట తళతళలాడకపోతే మా అమ్మకు ముద్ద దిగదు.) రసం పోసి మెషిన్‌లో పెట్టాను. గీత లేచింది! లేచి లేచి కొండైంది! నేను కెవ్వున అరిచి, మెట్ల మీద కాలు ఆనకుండా కిందికి ఉరికి, తింటున్న సార్‌ను ఎంగిలి చేత్తోనే లాక్కొచ్చాను. దారిలోనే అమ్మకు ఫోన్ చేసి "అమ్మా, నా పువ్వు మెరిసింది!" అని చెప్పేశాను కూడా.

ఊళ్ళోని మట్టెవాడ నుంచి వస్తాడని మేం మట్టెవాడన్న అని పిలిచే సీనియర్ ఒకాయన గీతను చూసి గడ్డం గోక్కున్నాడు. "జర ఆగు చెల్లె, ఉత్త నీళ్ళు పెట్టి చూసినవా?"

పోలిక కోసం ముందు ఉత్త నీళ్ళను చూడడం ఈ విద్యలో ఓనమాలు. ఆత్రంలో వాటినే ఎగ్గొట్టాను. "ఫికర్ ఎందుకన్నా, ఇప్పుడే చూద్దాం" అని ధీమాగా గిన్నె కడిగి, అదే గుడ్డతో తుడిచి, నీళ్ళు పోశాను. కొండ మళ్ళీ లేచింది, అంతే ఠీవిగా! పువ్వూ లేదు, రసమూ లేదు, మంచినీళ్ళు వెలుగుతున్నాయి. సార్ ఏదో తట్టినట్టు లైట్లు ఆర్పి అతినీలలోహిత దీపం వేశారు. చీకట్లో నా చేతిలోని గుడ్డ, నా ఒంటి మీది తెల్లకోటు నీలంగా భగ్గుమన్నాయి. బట్టలు తెల్లగా కనపడాలని సబ్బు పౌడర్లలో కలిపేది ఫ్లోరోసెన్స్ పదార్థమేనట. తుడిచిన ప్రతిసారీ గుడ్డ నుంచి అదే గిన్నెకు అంటుకుంది. "పువ్వు కాదు బిడ్డా, మీ అమ్మ ఉతుకుడు మెరుస్తాంది!" అని సార్ పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఇంట్లో విషయం చెబితే అమ్మ ముఖం వెలిగిపోయింది. "గట్ల మెరిసిందా? మరి నేను ఊకెనే ఉతుకుతాన్ననుకున్నవా!" అని వాడంతా చెప్పుకొచ్చింది.

చివరికి ధర్మసాగర్ నీళ్ళు కొలిచే ఎమ్మెస్సీ గట్టెక్కాను. ఇప్పుడు నా ఉద్యోగమే ఈ మెషిన్‌తో. ఉత్త నీళ్ళు చూడనిదే ఏదీ ముట్టను. నిజమైన కొండలు చాలానే లేచాయి. ప్రతిసారీ "సరే, సేవ్ చెయ్యండి" అని కుర్చీలోంచి కదలకుండా అంటాను. తప్పు చేస్తే చేసింది గానీ, మెట్ల మీద కాలు ఆనకుండా ఉరికిన ఆ పిల్లంటే నాకు ఇప్పటికీ కొంచెం అసూయే.